మ్యాట్లు ఎన్నిసార్లు కడిగినా కారులో వాసన పోలేదు: నా అనుభవం

మా ఆవిడ కారెక్కగానే చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఇందులో ఏదో చచ్చిందండీ" అంది. నాకు అంతకు వారం ముందు నుంచే తెలుస్తోంది కానీ, వానాకాలం కదా, అందరి కార్లూ ఇలాగే ఉంటాయిలే అని సరిపెట్టుకుంటున్నాను. ఏసీ వెయ్యగానే మొదటి రెండు నిమిషాలూ తడిసిన గోనెసంచి వాసన, ఆ తర్వాత ముక్కు అలవాటు పడిపోయేది. రోజూ నడిపేవాడికి తెలియదు, అప్పుడప్పుడూ ఎక్కేవాళ్ళకే తెలుస్తుంది. మా అబ్బాయి అయితే "నాన్నా, మన కారు ఎందుకింత కంపు కొడుతోంది" అని అపార్ట్‌మెంట్ లిఫ్టులో నలుగురి ముందూ అడిగేశాడు.

నా అనుమానమంతా మాగాయ మీదే.

మే నెలలో భీమవరం దగ్గర మా ఊరు వెళ్ళి హైదరాబాద్ తిరిగి వస్తున్నాం. ఏటా ఉండే తంతే, డిక్కీ నిండా బియ్యం, కొబ్బరికాయలు, పచ్చళ్ళు. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి, తాడు బిగించి డిక్కీలో జాగ్రత్తగానే పెట్టాం. మాగాయ మాత్రం ఆఖరి నిమిషంలో అమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇస్తే డ్రైవర్ సీటు వెనకాల కాళ్ళ దగ్గర పెట్టాను. నకిరేకల్ దాటాక ఒక గేదె అడ్డం వచ్చింది, బ్రేకు వేశాను, డబ్బా పల్టీ కొట్టింది. మూత ఊడిందన్న సంగతి మాకు ఇంటికొచ్చేదాకా తెలియదు. వాసన వస్తూనే ఉంది కానీ, కారు నిండా పచ్చళ్ళే ఉన్నప్పుడు ఎవరికి అనుమానం వస్తుంది?

అప్పటికి కారులో ఉన్నవి సెవెన్‌డీ మ్యాట్లు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, కింద స్పాంజ్, దాని మీద రెక్సిన్, రెక్సిన్ మీద డైమండ్ ఆకారంలో కుట్లు, అన్నిటికన్నా పైన ప్లాస్టిక్ నూడుల్స్ లాంటి గడ్డి పట్టా ఒకటి విడిగా. కారు ఫ్లోర్ మొత్తాన్నీ అంచుల దాకా కప్పేస్తాయి. ఆ ఏడు ఏమిటో కార్ డెకార్ షాపువాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగున్నర వేలు తీసుకుని బిగించి, "ఇంక లైఫ్‌లో కడగక్కర్లేదన్నా, తడిగుడ్డతో తుడుస్తే చాలు" అన్నాడు. నేను నమ్మాను. ఏడాదిన్నర పాటు వాటిని ఎత్తి కింద ఏముందో చూసిన పాపాన పోలేదు. పైగా రంగు కూడా లేత గోధుమ రంగు తీసుకున్నాను, లోపల కారు పెద్దగా కనిపిస్తుందని. ఇప్పుడు ఎవరైనా అడిగితే కళ్ళు మూసుకుని నలుపు తీసుకోమంటాను.

మాగాయ అంటే ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి ఊరబెట్టి ఎండబెట్టినది కదా, ఊటంతా పసుపే. ఆ ఊటా నూనే కలిసి గడ్డి పట్టా లోంచి దిగి, రెక్సిన్ మీద చెరువులా నిలిచి, కుట్ల సందుల్లోంచి స్పాంజ్‌లోకీ, అంచు పైకి లేచిన చోటు నుంచి అసలు కార్పెట్ మీదకీ పాకింది. నేను రాత్రి పదింటికి మొబైల్ లైటు వేసుకుని, ఇంట్లో ఉన్న బట్టల సబ్బు పొడి ఒక మగ్గు నీళ్ళలో గట్టిగా కలిపి, బ్రష్‌తో రుద్దడం మొదలుపెట్టాను. రెండో రుద్దుకి పసుపు మరక కాస్తా ఎర్రగా మారిపోయింది. రక్తం కారినట్టు ఉంది. చెయ్యి తెగిందేమో అనుకుని నా వేళ్ళు చూసుకున్నాను.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది. "ఒరేయ్, పసుపు మీద సబ్బు పెడతారట్రా? పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలీదూ? సబ్బు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి ఎండలో పడెయ్, అదే పోతుంది" అంది. మా అమ్మ కెమిస్ట్రీ చదవలేదు కానీ సంగతి అదే, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. ముందు నూనె పీల్చెయ్యాలి, దానికి శనగపిండి చల్లి అరగంట ఉంచి ఎత్తెయ్యమంది. అవీ చేశాను. శనగపిండి నిజంగానే నూనెని ముద్దలా లాగేసింది. మిగిలిన జిడ్డుకి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్, తడిగుడ్డ. వెనక మ్యాట్ ఊడదీసి టెర్రస్ మీద మూడు రోజులు ఎండబెడితే పసుపు చాలావరకు పోయింది. రెక్సిన్‌ని అన్ని రోజులు ఎండలో పెడితే గట్టిపడి పగుళ్ళు వస్తాయి, నాది ఒక మూల వచ్చింది కూడా, అది వేరే సంగతి. పొద్దుటి ఎండ రెండు గంటలు చాలు, మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు.

కాబట్టి జులైలో కంపు మొదలైనప్పుడు, స్పాంజ్‌లో మిగిలిన మాగాయ ఊట వానాకాలానికి కుళ్ళిందని నేను తీర్మానించేశాను. ఆ తీర్మానం మీద నెల రోజులు నడిచింది నా శుభ్రత కార్యక్రమం. వెనక మ్యాట్ మళ్ళీ కడిగాను. వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వ్యాక్యూమ్ పట్టాను. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మామూలే. ఏసీ గ్రిల్‌కి తగిలించే సెంటు సీసా కొన్నాను, దానితో మల్లెపూలూ తడి గోనెసంచీ కలిసిన ఒక కొత్త వాసన తయారైంది, మా ఆవిడకి తలనొప్పి వచ్చింది, తీసేశాను. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే కుర్రాడు "సార్, నేను కడుగుతా" అని ఒక ఆదివారం గడ్డి పట్టాలు బకెట్టులో ముంచి తీసి, నీళ్ళు కారుతుండగానే మళ్ళీ కారులో పరిచేశాడు. వాడి తప్పేం లేదు, పదిహేను కార్లు తుడవాలి, ఆరేదాకా కూర్చోలేడు. కానీ తడి మ్యాట్ లోపల వేసి తలుపులు మూస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకోసారి బయట వాటర్ వాష్ చేయిస్తే వాళ్ళు మ్యాట్లకి టైర్ పాలిష్ కొట్టి నల్లగా నిగనిగలాడేలా చేసి ఇచ్చారు (అప్పటికి ముందువైపు పాత రబ్బరు మ్యాట్లు పైన వేసి ఉన్నాయి). చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి. క్లచ్ మీద కాలు పెట్టబోతే మడమ సర్రున జారింది. ఆ పాలిష్ టైర్లకే, కాళ్ళ కింద వేసే వాటికి కాదు.

ఆగస్టులో పంద్రాగస్టు సెలవు రోజు తెగించి అన్నీ ఊడదీశాను. సెవెన్‌డీ మ్యాట్లు ఊడదియ్యడం ఒక పని, అంచులు సీటు పట్టాల పక్కన, డోరు దగ్గరి ప్లాస్టిక్ పట్టీల కింద దోపి ఉంటాయి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ముందుకి జరిపి, పట్టీల క్లిప్పులు విరక్కుండా మెల్లగా లాగాలి. వెనకవైపు తీస్తే మాగాయ జాడ పెద్దగా లేదు, ఒక జిడ్డు మచ్చ, అంతే. రెండు రూపాయి బిళ్ళలు, చింతగింజలు, మా వాడి బిస్కెట్ల పొడి, దానికోసం వచ్చిన చీమల శవాలు దొరికాయి. ముందు ఎడమవైపు, అంటే డ్రైవర్ పక్క సీటు వైపు మ్యాట్ ఎత్తగానే ఆ కంపు మొహానికి కొట్టింది. కార్పెట్ మీద చెయ్యి ఆన్చి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు పైకొచ్చాయి. మ్యాట్ అడుగున తెల్లటి బూజు, పట్టు బట్టలా మెత్తగా. పైనుంచి చూస్తే రెక్సిన్ పొడిగా, మెరుస్తూ ఉంది. నెలరోజులు నేను కడుగుతున్నది వెనక మ్యాట్, కుళ్ళుతున్నది ముందు కార్పెట్.

అప్పుడు కూడా నేను వాననే తప్పుపట్టాను. డోరు రబ్బరు లోంచి కారుతోందేమో అనుకుని, పాత తువ్వాళ్ళు పరిచి మీద నిలబడి తొక్కి తొక్కి నీళ్ళు పీల్చి, రాత్రంతా టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాను. ఆరిందనుకున్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు చుక్క వాన లేదు. ఐదో రోజు చెయ్యి పెడితే మళ్ళీ తడి.

వాన లేకుండా నీళ్ళు ఎక్కడివి? అప్పుడు గానీ మెకానిక్ దగ్గరికి పోవాలన్న బుద్ధి పుట్టలేదు. మా ఇంటికి దగ్గర్లో రోడ్డు పక్కన కారు ఏసీలు చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. ఆయన కారు లోపలికి రానే లేదు. "ఏసీ ఆన్ చేసి పది నిమిషాలు ఉంచండి సార్" అని బీడీ వెలిగించుకున్నాడు. పది నిమిషాల తర్వాత వంగి కారు కింద చూపించాడు, నేల పొడిగా ఉంది. "చూసిండ్రా? ఈ సీజన్‌లో ఇక్కడ బొట్లు బొట్లుగా కారాలె. బయట కారకపోతే లోపల కారుతది" అన్నాడు.

అంతే సంగతి. డ్యాష్‌బోర్డ్ వెనకాల ఏసీ కూలింగ్ కాయిల్ ఉంటుంది, గాలిలో తడి దానికి తగిలి నీళ్ళయి కింద ట్రేలో పడుతుంది, చల్లటి నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమట పట్టినట్టు. ఆ ట్రేకి ఒక సన్నటి రబ్బరు పైపు ఉండి, నీళ్ళని బండి కిందకి వదులుతుంది. పైపు మూసుకుపోతే ట్రే నిండి, కాళ్ళ దగ్గర కార్పెట్ వెనకాల నుంచి దిగుతుంది. వానాకాలం గాలిలో తడి ఎక్కువ కాబట్టి నీళ్ళూ ఎక్కువే. మా సెల్లార్‌లో చోటు లేక నేను కారుని వేపచెట్టు కింద పెడతాను, ఎండాకాలమంతా వేపపూత, దుమ్ము, సన్న ఆకులు వైపర్ల దగ్గరి జాలీలోంచి లోపలికి దిగి ఆ పైపులో చేరాయి. భాయ్ కింద పడుకుని పైపు చివర దొరకబుచ్చుకుని సన్న తీగ ఒకటి జాగ్రత్తగా తోశాడు, తర్వాత ఎయిర్ కొట్టాడు. నల్లటి బురద ముద్ద ఒకటి ఊడిపడి, దాని వెనకే దాదాపు లీటరు నీళ్ళు బుడబుడా వచ్చాయి. మూడు వందలు తీసుకున్నాడు. నేను అప్పటికి షాంపూలకీ సెంట్లకీ వాటర్ వాష్‌లకీ రెండు వేల పైనే పెట్టి ఉన్నాను.

వెళ్ళేముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. కాళ్ళ దగ్గర తడి కనిపిస్తే ముందు ఆ నీళ్ళు వేలికి రాసుకుని చూడాలట. తేటగా ఉండి ఏ వాసనా లేకపోతే ఏసీ నీళ్ళు. జిగటగా, రంగుగా, తియ్యటి వాసన వస్తే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), అంటే హీటర్ దగ్గర లీకు, అది ఇంజన్‌కి సంబంధించిన గొడవ, ఆలస్యం చెయ్యకూడదు. మట్టి కలిసి ఉంటే డోరు నుంచో, ఫ్లోర్ కింద రబ్బరు బిరడాల నుంచో వస్తున్న వాన నీళ్ళు. నాది మొదటి రకం, మట్టి మరక ఒక్కటీ లేదు. ముందే వేలు పెట్టి చూసుంటే నెల కలిసొచ్చేది.

నీళ్ళు ఆగాయి సరే, కార్పెట్ ఆరబెట్టడమే అసలు యజ్ఞం. పైన కనిపించే కార్పెట్ పల్చన, దాని కింద జనపనార, స్పాంజ్ కలిసిన మందపాటి పరుపు లాంటిది ఉంటుంది, అది నీళ్ళు తాగితే పైనుంచి ఫ్యాన్ పెట్టినా లాభం లేదు, పైపొర ఆరి మోసం చేస్తుంది. నాకు అదే జరిగింది మొదటిసారి. ఈసారి సీటు విప్పేశాను. నాలుగు బోల్టులు, సరైన స్పానర్ ఉంటే పావుగంట పని. కానీ సీటు కింద వైర్లు ఉంటాయి, వాటిలో పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాన్ని ఊరికే లాగి పీకకూడదు, నాకా ధైర్యం లేక భాయ్ దగ్గరి కుర్రాణ్ణి పిలిపించుకున్నాను. బ్యాటరీ వైరు తీసి, కాసేపాగి, ఆ తర్వాతే సీటు తీశాడు. కార్పెట్ ఒక అంచు ఎత్తి కింద ఇటుక ముక్క పెట్టి, పాత న్యూస్‌పేపర్లు దోపి, గంటగంటకీ మారుస్తూ, పగలు నాలుగు తలుపులూ తీసి ఎండలో, రాత్రి ఫ్యాన్ కింద. మొత్తం నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఆఫీసుకి మెట్రోలో వెళ్ళాను, నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులే హాయిగా ఉంది. ఐదో రోజు సీటు బిగించి, వైర్లన్నీ పెట్టి, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిందో లేదో చూసుకుని, హీటరూ ఏసీ బటనూ రెండూ ఆన్ చేసి కిటికీలు కాస్త దించి అరగంట తిప్పాను, ఏసీ తడి లాగేస్తుంది, వేడి గాలి మిగతాది ఆరబెడుతుంది. చెమటతో నేను తడిశాను గానీ కారు ఆరింది.

చాలామంది కార్పెట్ మీద పైపు పెట్టి నీళ్ళు కొట్టి కడుగుతుంటారు, వీడియోలు కూడా చూశాను, నురగ కారుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దాని కిందే వైర్ల కట్టలు పోతుంటాయి, ఆ నీళ్ళు బయటికి పోయే దారి లేదు. మ్యాట్ బయటికి తీసి ఎంతైనా కడుక్కోవచ్చు, లోపల మాత్రం తడిగుడ్డ దాటి పోకూడదు.

సెవెన్‌డీ మ్యాట్లు తిరిగి వెయ్యలేదు. బూజు పట్టిన స్పాంజ్ ఎంత కడిగినా లోపల పోదు, అమ్మేద్దామంటే ఎవరు కొంటారు, అలాగే పారేశాను. అలాంటివి అందరికీ చెడ్డవని అనను, మా బావమరిది కారులో మూడేళ్ళుగా శుభ్రంగానే ఉన్నాయి, వాడు ఆర్నెల్లకోసారి ఊడదీస్తాడు. నాలాంటి బద్ధకస్తుడికి పనికిరావు. ఇప్పుడు మామూలు నల్ల రబ్బరు మ్యాట్లు, అంచులు ఎత్తుగా ఉండి నీళ్ళు పట్టుకునేవి, పన్నెండు వందలు. ఆదివారం ఒక్కొక్కటీ అలాగే ఎత్తి బయటికి తెచ్చి, రెండు దులుపులు దులిపి, చీపురుతో ఇసుక ఊడ్చి, మగ్గు నీళ్ళు పోసి గోడకి నీడలో ఆనిస్తాను. ఇసుక ముందు ఊడ్చాలి, తడిపాక ఊడిస్తే బురద గీతల్లోకి దూరిపోతుంది. ఎర్రమట్టి పట్టితే ఆరనిచ్చి దులపడమే సుఖం. సబ్బు నెలకోసారి, అదీ కొంచెం, సరిగ్గా కడక్కపోతే జిగురులా మిగిలి మరింత దుమ్ము పడుతుంది. మ్యాట్ ఆరేలోపు చెయ్యి పెట్టి కింద కార్పెట్ తడిమి చూస్తాను.

ఒక సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే నేను దాంట్లో కూడా దెబ్బతినబోయాను. కొత్త రబ్బరు మ్యాట్లు తెచ్చిన వారమే, కడిగి పరిచేటప్పుడు డ్రైవర్ వైపు మ్యాట్‌ని కొక్కేనికి తగిలించలేదు. ఫ్లోర్‌లో ఒక ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది, మ్యాట్‌కి రంధ్రం ఉంటుంది, చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు, నేనూ అంతే. మియాపూర్ దగ్గర సిగ్నల్ పడితే కాలు తీశాను, రేసు తగ్గలేదు. మ్యాట్ ముందుకి జరిగి దాని అంచు పెడల్ మీదకి ఎక్కి కూర్చుంది. క్లచ్, బ్రేకు రెండూ తొక్కేసి ఆపాను, ముందు ఆటోకి జానెడు దూరంలో. ఆటో ఆయన వెనక్కి తిరిగి తిట్టింది ఇక్కడ రాయలేను. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్ డియేగో దగ్గర ఇలాగే, వేరే మోడల్‌కి చెందిన రబ్బరు మ్యాట్ వేసి కొక్కెం పెట్టకపోవడంతో టయోటా వాళ్ళదే అయిన లెక్సస్ కారు పెడల్ ఇరుక్కుపోయి నలుగురు చనిపోయారు, ఆ తర్వాత టయోటా 38 లక్షల బండ్లకి మ్యాట్ల విషయంలో రీకాల్ ప్రకటించింది. ఆ సంగతి నాకు ముందు తెలుసు కూడా. తెలిసీ కొక్కెం పెట్టలేదు. డ్రైవర్ వైపు ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసుకునే అలవాటు కూడా అప్పుడే మానేశాను, నేను పాత రబ్బరు మ్యాట్లని సెవెన్‌డీ మీద వేసి ఏడాది తిరిగాను మరి.

ఈ ఏడాది మాగాయ డబ్బాని మూతకి కవరు కట్టి, బకెట్టులో నిలబెట్టి, బకెట్టుని మా ఆవిడ కాళ్ళ మధ్య పెట్టాం. అమ్మ వాకిట్లో నిలబడి "అంత భయమైతే మానేయండర్రా" అంది, మళ్ళీ ఇంకో డబ్బా తెచ్చిచ్చింది.

మొన్న జూన్ చివర్లో ఆఫీసు నుంచి వచ్చి కారు పెట్టి దిగుతుంటే మా వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, మీ బండి కింద నీళ్ళు కారుతున్నయ్, మస్తుగ కారుతున్నయ్" అని. వంగి చూశాను. ఎడమవైపు ముందు చక్రం వెనకాల, బొట్టు వెనక బొట్టు. చేత్తో పట్టి చూశాను, చల్లగా, తేటగా ఉన్నాయి.

"కారనీ" అన్నాను. వాడు నా వంక అదోలా చూశాడు.